సింగ్‌ఖామ్ బండి ఎత్తు

సింగ్‌ఖామ్ తన ట్రక్కు ఎత్తు తగ్గించి కిందికి దించేస్తున్నాడు, లాటరీ టికెట్లమ్మే ఒరతాయ్ సుఖంగా ఎక్కి కూర్చోవడానికే ఆ పని చేయిస్తున్నాడు అని ఊళ్ళో పాకింది. ఇందులో ముందు సగం నిజం. వెనక సగం అబద్ధం. ఆ వెనక సగాన్ని ముగ్గురికి మోసింది నేనే గనక, దాన్ని వెనక్కి లాక్కోవలసిన పని కూడా నాదే. "ఉన్నదున్నట్టే రాసెయ్ పెద్దమ్మా" అని సింగ్‌ఖామ్ అన్నాకే కాగితం పట్టుకున్నాను.

నా చెవిన మొదట వేసింది చేపలమ్మే కేవ్‌మా.

"పెద్దమ్మా, యాభై దాటినవాడికి పొట్టి బండి ఎందుకో చెప్పు చూద్దాం" అంది.

నేను నిప్పుల మీద పందిమాంసం పుల్లలు తిప్పుతున్నాను. "నడుం నొప్పేమోనే" అన్నాను.

"నడుం నొప్పయితే తైలం రాసుకుంటారు గానీ బండి కాళ్ళు కోయించుకుంటారా? సంతలో ఒరతాయ్ బల్ల ముందు గంటసేపు నిలబడ్డాడట. ఒక్క టికెట్టూ కొనలేదట!"

టికెట్టు కొనకుండా లాటరీ బల్ల ముందు గంట నిలబడే మగాడు ఉంటాడా ఎక్కడైనా? పైగా ఒరతాయ్ మొగుడు పోయినది, నవ్వితే బుగ్గలు సొట్టలు పడేది. నాకూ నిజమే అనిపించింది. మాంసం అమ్ముడయ్యేలోపు ముగ్గురికి చెప్పేశాను. నలుగురికేమో కూడా.

మా హువై లుక్ ఊరు కొండ వైపు ఉంది. ఆస్పత్రి, సంత, బస్సు అన్నీ వాగుకు అటువైపు. వాగు మీద వంతెన లేదు, వరదొస్తే నీళ్ళు పైనుంచి పారే చప్టా ఉంది. ఎండాకాలం దాని మీద కోడిపిల్లలు కూడా నడిచిపోతాయి. వానలు పట్టుకున్నాయంటే మాత్రం నాలుగు నెలలు అది నీళ్ళ కింద ఎక్కడుందో తెలిసినవాడు సింగ్‌ఖామ్ ఒక్కడే. నాలుగు చక్రాలూ లాగే బండి ఊళ్ళో ఇంకొకటి కూడా ఉంది గానీ, అది ఊరిపెద్ద కొడుకుది. కుర్రాళ్ళంతా చేస్తున్నారని వాడు మూడేళ్ళ కిందటే దాన్ని దించేశాడు. ఇప్పుడు అది గతుకు కనిపిస్తే పొట్ట రాసుకుంటూ ఏడుస్తుంది. చిన్న వానకే చప్టా దగ్గర వెనక్కి తిరిగి వస్తుంది.

సింగ్‌ఖామ్ తన బండిని పన్నెండేళ్ళ కిందట, క్యాబేజీకి మంచి ధర పలికిన ఏడు కొన్నాడు. అసలే ఎత్తుగా ఉన్నదాన్ని ఇంకా ఎత్తు చేయించాడు. ముసలివాళ్ళు ఎక్కడానికి పక్కన ఇనప మెట్టు అతికించాడు. ఆ మెట్టు నాకు మోకాలు దాటి వస్తుంది. నేను ఎక్కబోయిన ప్రతిసారీ "అందరూ తప్పుకోండి, పెద్దమ్మను ఎత్తడానికి క్రేను వస్తోంది" అని అరిచేవాడు. "నీ బండి కుంగుతుందని ఏడవరా" అని నేననేదాన్ని. అతను మాట్లాడేదే తక్కువ, ఆ తక్కువలో సగం నన్ను ఏడిపించడానికే.

వానాకాలంలో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా అతని గుమ్మం ముందే నిలబడతాం. తింటున్న చెయ్యి కడుక్కుని లేస్తాడు. ఇంత అని అడగడు. ఇస్తే తీసుకుంటాడు. అతని బండిలోనే ఇద్దరు పిల్లలు పుట్టారు. అందులో ఒకతి రెండో తరగతి చదువుతోంది, దాన్ని ఊరంతా 'ట్రక్కు' అనే పిలుస్తుంది. పిలిస్తే పలుకుతుంది కూడా.

వాగు దాటడానికి అతనికో పద్ధతి ఉంది. ఒడ్డున పెద్ద రాయి మీద తెల్లరంగుతో మూడు గీతలు గీశాడు. దిగి, గీతలు చూస్తాడు. రెండో గీత మునిగితే ఎవరు చెప్పినా దాటడు. మునగకపోతే క్యాబిన్ అద్దానికి కట్టిన మల్లెదండను ముట్టుకుని బండిని కాచే బండితల్లికి దండం పెట్టుకుంటాడు. మూడుసార్లు హారన్ కొడతాడు. అప్పుడు దిగుతాడు నీళ్ళలోకి. ఆ మూడు హారన్లు మా ఇంటిదాకా వినిపిస్తాయి. వినిపించగానే నేను చేస్తున్న పని ఆపి, అవతలి ఒడ్డెక్కిన ఇంజిన్ మోత వినపడేదాకా ఊపిరి బిగబట్టుకుంటాను. ఇన్నేళ్ళూ అతను భయపడగా మాత్రం ఎవరూ చూడలేదు.

ఇక నా భయం సంగతి. నా మనవరాలు ఫాయ్‌కి ఏడో నెల. తొలిచూలు. మొగుడు రేయోంగ్‌లో ఫ్యాక్టరీ పనిలో ఉన్నాడు. కాళ్ళు పొంగుతున్నాయి, రక్తపోటు ఉంది. "నొప్పులు మొదలైతే ఒక్క గంట కూడా ఇంట్లో ఉంచకండి అవ్వా" అని నర్సు రెండుసార్లు చెప్పింది. నెలలు నిండేది వానలు ముదిరే వేళకు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, సింగ్‌ఖామ్ ఉన్నాడులే అని ధైర్యంగా ఉన్నాను. అలాంటిది అతని బండే పొట్టిదైపోతే? ఒరతాయ్ సొట్టల మీద మనసు పోవడం మానేసింది నాకు.

బండ్లు బాగుచేసే తేంగ్‌మో షెడ్డు నా పొయ్యికి ఎదురుగానే ఉంది. వెళ్ళాను.

"ఎంత దించమన్నాడురా?"

"నాలుగు అంగుళాలు పెద్దమ్మా."

"దించితే ఏమవుతుంది?"

"ఏముంది, ఏనుగు మోకాళ్ళ మీద నడుస్తుంది." తేంగ్‌మో నవ్వబోయి ఆగాడు. "వెనక బరువు మోసే కమాన్ కట్టలోంచి ఉక్కు పట్టీలు తీసేయాలి. బరువు ఆగదు. ముందు చక్రాలకు లాగే బలం ఇచ్చే కడ్డీలు వంకరగా తిరిగి అరిగిపోతాయి. వాగులో దిగిందా, ఇంజిన్ నీళ్ళు తాగేస్తుంది. రెండు చక్రాలే లాగే బండిని దించమంటే ఒక్కపూటలో దించేస్తా. ఇది దించే బండి కాదు."

"ఆ ముక్క అతనికి చెప్పొచ్చుగా?"

"చెప్పకుండా ఉంటానా! 'తెలుసురా, వాగు దాటదు కదా' అన్నాడు. అని, నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకే గుండె జారింది పెద్దమ్మా. సామాను రాలేదని అబద్ధం చెప్పి రోజులు నెడుతున్నా. వచ్చింది. అదిగో, ఆ గోనె కింద ఉంది."

మరి సూటిగా సింగ్‌ఖామ్‌నే అడగొచ్చు కదా అంటారు మీరు. మా వైపు అలా అడగరు. అడిగితే అవతలివాడు తలదించుకోవలసి వస్తుంది, తలదించుకునేలా చేసినవాళ్ళదే తప్పవుతుంది. నలుగురినీ అడిగి, అయిదోవాడి సంగతి తెలుసుకోవడమే మా మర్యాద. ఆ మర్యాదలో నన్ను మించినవాళ్ళు లేరని నా శత్రువులు కూడా ఒప్పుకుంటారు.

అందుకని సంతకు వెళ్ళి ఒరతాయ్‌నే పట్టుకున్నాను. ఒక టికెట్టు కొని, "ఏమ్మా, సింగ్‌ఖామ్ ఏ నంబరు అడుగుతున్నాడు?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వింది. "ఆయన నంబర్లు అడగలేదు అత్తా. ఏం అడిగాడో ఆయన్నే అడుగు. ఎవరికీ చెప్పొద్దన్నాడు, నేను చెప్పను." సొట్టలు పడ్డాయి నిజమే. కానీ అది దొంగనవ్వు కాదు. ఆ తేడా తెలియకుండానే నా వెంట్రుకలు నెరిశాయా?

తిరిగి వచ్చేసరికి సింగ్‌ఖామ్ భార్య బువాఫాన్ నా బల్ల మీద కూర్చుని ఉంది. మా ఇంటికి ఊరికే వచ్చే మనిషి కాదు.

"పెద్దమ్మా, ఒరతాయ్ అందంగా ఉంటుందా?" అంది.

నాకు సిగ్గేసింది. "ఏం అందంలేవే, పళ్ళెత్తు" అని అబద్ధమాడాను.

బువాఫాన్ చీరిన వెదురుపుల్లను వేళ్ళతో ఇంకా చీలుస్తూ చెప్పింది. "మూతి తిప్పుకునే ఆడదాని కోసం కాదు పెద్దమ్మా. అయితే బాగుండును, జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. నిరుటి వానల నుంచీ ఈయన అద్దానికి మల్లెదండ మార్చడం లేదు. ఎండి పురికొసలా వేలాడుతోంది. బండిని వాగు వైపు మొహం పెట్టి నిలబెట్టడు. మొన్న మామిడి వాన పడిందే, నాలుగు చినుకులు, రేకు మీద టపటపమన్నాయి. అన్నం ముద్ద గిన్నెలో వదిలేసి బయటికెళ్ళి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. వణుకుతోంది. ఆడదాని మీద మనసుపడ్డవాడు వాన చప్పుడుకు వణుకుతాడా?"

నిరుటి వానలు అనగానే నాకు నోయ్ కేవ్ గుర్తొచ్చాడు.

నోయ్ కేవ్ సింగ్‌ఖామ్‌కి చిన్ననాటి స్నేహితుడు. కోడిపందేల పిచ్చివాడు. నిరుడు వానల్లో ఆస్పత్రిలో పోయాడు. బయట పోయినవాళ్ళను ఇంటికి తెచ్చేటప్పుడు పక్కన ఒకరు కూర్చుని దారిపొడుగునా చెప్పాలి. ఇదిగో మలుపు తిరుగుతున్నాం, ఇదిగో వాగు దాటుతున్నాం, మాతోపాటు రా, ఇక్కడ ఆగిపోకు అని చెప్పి పేలాలు చల్లాలి. చెప్పకపోతే చచ్చినవాడికి దారి తెలియదు. ఎక్కడ చెప్పలేదో అక్కడే నిలబడిపోతాడు. నోయ్ కేవ్ భార్య చుమ్ మంచం పట్టి ఉంది, పిల్లలు లేరు. పక్కన కూర్చునేవాళ్ళు లేక సింగ్‌ఖామ్ ఒక్కడే బండి నడుపుతూ, తనే చెప్పుకుంటూ తీసుకొచ్చాడు. అలా అని మేమంతా అనుకున్నాం.

చుమ్ దగ్గరికి వెళ్ళాను. ఊరికే వచ్చినట్టు వెళ్ళి, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టి, "మీ ఆయన కల్లోకి వస్తుంటాడా అక్కా?" అన్నాను.

"వస్తాడు" అంది చుమ్, పండు నములుతూ. "పాదాలు తడిగా ఉన్నాయే, తుడువు అంటాడు. ఎప్పుడూ అదే మాట."

ఆ ఇంట్లో మరి కూర్చోలేకపోయాను. ఎండ మండిపోతోంది, నా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

నేరుగా సింగ్‌ఖామ్ ఇంటికే పోయాను. బండి చక్రాలకు అంటిన ఎండుమట్టిని కర్రతో గీకుతున్నాడు. అప్పుడు కూడా బండి దించే సంగతి ఎత్తలేదు. "చప్టా దగ్గర నోయ్ కేవ్‌కి చెప్పావా?" అని మాత్రం అడిగాను.

కర్ర ఆగింది. "చెప్పలేదు పెద్దమ్మా."

"మర్చిపోయావా?"

"నోరు రాలేదు."

ఇంకేం, దొరికింది అనుకున్నాను. చుమ్ కల, ఎండిన మల్లెదండ, వణికే చెయ్యి, అన్నీ ఒకచోట అతుక్కున్నాయి. నోయ్ కేవ్ చప్టా మీద నిలబడిపోయాడు, సింగ్‌ఖామ్‌కి ఆ నీళ్ళంటే భయం పట్టుకుంది, అందుకే బండి దించుతున్నాడు. నోయ్ కేవ్‌ని ఇంటికి తెచ్చేస్తే బండి ఎత్తు నిలుస్తుంది, ఫాయ్ బతుకుతుంది. నాకు తోచింది ఇంతే.

మర్నాడు పొద్దున్నే సింగ్‌ఖామ్‌నీ బువాఫాన్‌నీ వెంటబెట్టుకుని, అదే బండిలో, చప్టా దగ్గరికి వెళ్ళాను. అరటాకు దొన్నెలో అన్నంముద్ద, ఉడికించిన గుడ్డు, పూలు పెట్టి అగరొత్తులు వెలిగించాను. వాగులో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. అయినా ముగ్గురిలో ఎవరం అంచు దాకా వెళ్ళలేదు. చెప్పమని తోస్తే సింగ్‌ఖామ్ నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. చివరికి నేనే అరిచాను.

"నోయ్ కేవ్! ఇది వాగురా! దాటుతున్నాం, మాతో రా! ఇక్కడే ఉండిపోకు, నీ పుంజులు నీకోసం చూస్తున్నాయి!"

పేలాలు చల్లాను. నీళ్ళ మీద తేలి, ఒక్క క్షణం కదలకుండా నిలబడి, అప్పుడు కిందికి జారిపోయాయి. వెనక నిలబెట్టిన బండి కిర్రుమని ఎడమ పక్కకి ఒరిగింది. అందులో ఎవరూ లేరు. బువాఫాన్ నా చెయ్యి పట్టుకున్న పట్టుకి నా గాజు వంకరపోయింది. ఇంటిదాకా ఎవ్వరం వెనక తొట్టి వైపు తిరిగి చూడలేదు. ఎక్కింది నోయ్ కేవేనని మాకు తెలుసు.

తేంగ్‌మోకి చెబితే వాడు బండి కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. "నోయ్ కేవ్ మామ కాదు పెద్దమ్మా. ఎడమ వైపు కమాన్ కట్టలో రెండు పట్టీలు విరిగి ఉన్నాయి. నిన్నా మొన్నా విరిగినవి కావు, తుప్పు కూడా పట్టాయి. ఎప్పుడో గట్టి దెబ్బే తగిలింది." పట్టీలు మార్చేశాడు. బండి మళ్ళీ నిటారుగా నిలబడింది. చుమ్‌కి కూడా ఆ తర్వాత కల రాలేదట. అటు చచ్చినవాడు కుదురుకున్నాడు, ఇటు బండి కుదురుకుంది. నాకు వారం రోజుల తర్వాత ఆకలేసింది.

ఆ సంతోషం రెండు రోజులే. శుక్రవారం తేంగ్‌మో రోడ్డు దాటి నా దగ్గరికొచ్చాడు, మొహం మాడ్చుకుని.

"పెద్దమ్మా, ఆయన వచ్చి గోనె ఎత్తి చూసేశాడు. సామాను వచ్చింది కదరా, కానీ అన్నాడు. సోమవారం దించి ఇవ్వాలట."

నా చేతిలోంచి పుల్ల నిప్పుల్లో పడింది. తీసుకోలేదు. ఒరతాయ్ కాదు. నోయ్ కేవ్ కాదు. విరిగిన పట్టీ కాదు. మరేమిటి? కొండ మీద మబ్బు పట్టింది. అది వానమబ్బో పొగో తెలియడం లేదు. ఇంట్లో ఫాయ్ కాళ్ళు దిండు మీద పెట్టుకుని, పుట్టబోయేవాడికి పేరు ఏం పెట్టాలా అని గోడకేసి మాట్లాడుకుంటోంది. అరవై ఎనిమిదేళ్ళ మర్యాదను పొయ్యి పక్కన పెట్టేశాను.

తేంగ్‌మో షెడ్డు ముందు సింగ్‌ఖామ్ పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. నాలుగు మాంసం పుల్లలు, అన్నం పొట్లం అతని ఒళ్ళో పెట్టాను. ఎదురుగా ఇంకో టైరు మీద కూర్చున్నాను.

"సింగ్‌ఖామ్, నేను ఎవరినీ ఇలా అడగలేదు, నీకు తెలుసు. బండి ఎందుకు దించుతున్నావు?"

అతను పొట్లం విప్పలేదు. దాన్ని అరచేతుల మధ్య పట్టుకుని, చేతులు కాచుకుంటున్నట్టు కూర్చున్నాడు. అలాగే చెప్పాడు.

"నోయ్ కేవ్ అంటే నాకు భయం లేదు పెద్దమ్మా. వాడు బతికున్నప్పుడే నన్ను భయపెట్టలేకపోయాడు. నువ్వు అరుస్తుంటే ఆపలేదు, చుమ్ వదినకు మంచిదని. ఆ రోజు రెండో గీత మునిగింది. చూశాను. చూసి కూడా దిగాను. ఇక్కడ చుమ్ వదిన ఎదురుచూస్తోంది, ఎలా ఆగను? నడిమధ్యలో వెనక ఎడమ చక్రం చప్టా దాటి కిందికి జారింది. దడేల్‌మంది. బండి ఒరిగిపోయింది. వెనక అద్దంలోంచి చూశాను. వాడు తొట్టిలో జారుకుంటూ వెనక తలుపు దాకా పోయాడు. పాదాలు నీళ్ళలో ఉన్నాయి. ఆ క్షణాన నేనేమనుకున్నానో తెలుసా? హమ్మయ్య, చచ్చినవాడే కదా అనుకున్నాను. ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. అప్పటినుంచీ అద్దంలో చూస్తే ఆ తలుపు దగ్గర వాడు కనబడటం లేదు పెద్దమ్మా. ట్రక్కు పిల్ల కనబడుతుంది. నువ్వు కనబడతావు. ఈ మధ్య రోజూ ఫాయే కనబడుతోంది, పొట్ట పట్టుకుని.

ఒరతాయ్ ఇల్లు ఆస్పత్రి వెనకాలే. ఒక గది ఖాళీగా ఉంది, దాని కోసం అడగడానికే వెళ్ళాను. వానలు వెళ్ళేదాకా ఫాయ్‌నీ నిన్నూ ఉండమంది, బియ్యం మీవి మీరు తెచ్చుకుంటే చాలంది. నీకు ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. రేపు సామాను సర్దు. ఎల్లుండి, చప్టా ఎండి ఉండగానే, ఎత్తు బండిలోనే దాటిస్తాను. సోమవారం దించేస్తాను.

దించకుండా ఉంచుకుని, దాటనని చెప్పొచ్చు కదా అంటావు. ఎవరికి చెప్పను? వాన పడుతుంటే గుమ్మంలో నిలబడి నా మొహంలోకి చూసేవాళ్ళకి 'నాకు భయం, నేను రాను' అనే మాట నా నోట రాదు పెద్దమ్మా. లేచి చెయ్యి కడుక్కుంటాను, నాకు తెలుసు. బండి పొట్టిదైతే ఆ మాట అదే చెప్తుంది."